నీళ్ళప్ప పేరు

2190వ పోటు

నేను గట్టుకి వచ్చాక ఇది రెండువేల నూట తొంభయ్యో పోటు. గట్టువాళ్ళ లెక్కలో మూడేళ్ళు. నాచు తెప్పల మీద పుట్టినవాళ్ళం రోజులు లెక్కపెట్టం, పోట్లు లెక్కపెడతాం. కాలి కడెం ఊడింది గానీ ఈ అలవాటు మాత్రం ఊడలేదు.

పొద్దున నీరు తీశాక మెట్ల మీద పేరుకున్న బురద ఎత్తిపోశాను. ఈ మేడలో కింది రెండంతస్తులూ సముద్రానివి. మూడోది అచ్చాఫీసు, నాలుగోదాన్లో నా గది. మంచినీళ్ళ యంత్రం దగ్గర వరసలో నిలబడితే ఒకావిడ నన్ను గుర్తుపట్టి ముందుకు తోసింది. "మీ పుస్తకం చదివాక మూడ్రోజులు అన్నం సయించలేదండీ" అంది. నేను సిగ్గుపడ్డట్టు తల వంచుకున్నాను. సిగ్గేమీ లేదు, లోపల బోలెడు సంతోషం. వరస తప్పించి బిందె నింపుకుని వచ్చేశాను.

అచ్చాఫీసు నడిపే వేదవల్లిగారు ఐదో ముద్రణకి కాగితం తెప్పించారు. ఇంకో ఇరవై రెండు పోట్లకి తీరసభలో విచారణ. మనుషుల కాళ్ళకి కడేలు వెయ్యకూడదనే చట్టం ఆ తరవాత ఓటుకి వస్తుంది. "సభ్యులందరి చేతుల్లోనూ మీ పుస్తకం ఉండాలి తవిటమ్మగారూ. ముఖ్యంగా ఆ చాప అధ్యాయం" అన్నారావిడ.

అందరికీ ఆ అధ్యాయమే కావాలి. పదిహేడేళ్ళు నడుంలోతు నీళ్ళలో నాచు కోశాను, దాని గురించి ఎవరూ అడగరు. ఎలా తప్పించుకున్నావు? అదొక్కటే. మొదట్లో చెప్పేదాన్ని కాదు. ఒక సభలో ఐదువందల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం ఎంత రుచిగా ఉందో! చెప్పేశాను. తరవాత రాసేశాను కూడా.

కడెం మనిషి వేడినీ నాడినీ పసిగడుతుంది. తెప్ప చుట్టూ తేలే గురుతు బుడగలు దాటితే కాలు కొయ్యబారిపోతుంది. మనిషి చచ్చి, మడమ చల్లబడి, నాడి ఆగి సగం పోటు గడిస్తే దానంతటదే ఊడిపోతుంది. అప్పుడు నీళ్ళప్ప శవాన్ని కడిగి, చాప చుట్టి, శవాల పడవ ఎక్కిస్తుంది. నన్ను బతికుండగానే కడిగారు. మోకాలి కింద బిగించి కట్టి, కాలు ఉప్పు ఐసులో పూడ్చారు. కడెం మోసపోయింది. రెండు వేళ్ళు కుళ్ళి రాలిపోయాయి. గట్టు మీద గోతులు తవ్వేవాళ్ళు చాప విప్పి నన్ను బయటికి లాగారు. అదీ ఆ అధ్యాయం.

2193వ పోటు

రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇంకా దొంగనవుతాను.

ఐసు పడవ మీద మూటలెత్తడానికి ఏడో తెప్ప నుంచి గురువులు మావ వచ్చాడు. నాతోపాటు నాచు కోసినవాడు, మా అమ్మకి అన్న వరస. కడెంతోనే వచ్చాడు, దాని హద్దు రేవు దాకా పెంచి పంపారు, రేవు దాటి పది అడుగులు వెయ్యడానికి లేదు. కబురు తెలిసి కుంటుకుంటూ పరిగెత్తాను. చేతిలో పుస్తకం కూడా పట్టుకుని వెళ్ళాను, చూపించాలని. ఏం మనిషిని నేను!

"ఒలే తవిటీ, బాగున్నావా?" అన్నాడు. పుస్తకం ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మాకూ వొచ్చినాదిలే. సదివి ఇనిపించినారు."

"ఎవులు మావా?"

"మేస్త్రీలు. పోటుకో పేజీ సొప్పున, అందర్నీ కూకోబెట్టి."

ఒక్క క్షణం నాకు గర్వం వేసింది. నా పుస్తకం తెప్పల దాకా వెళ్ళింది! ఆ ఒక్క క్షణాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళంతా కంపరంగా ఉంది.

మేస్త్రీలు చాప అధ్యాయాన్ని మూడుసార్లు చదివారట. తరవాత చచ్చిపోయినవాళ్ళని కడగడం మాన్పించారు. ఐసు గిడ్డంగికి తాళం పడింది. శవాన్ని మూడ్రోజులు రేకు కొట్టంలో ఉంచి, వాసన వచ్చాకే పడవ ఎక్కిస్తున్నారు. అప్పట్నుంచి ఒక్క మనిషి కూడా బయటపడలేదు.

"కడక్కుండా పంపుతన్నారే" అన్నాడు మావ. "నా కూతుర్ని కూడా అలగే పంపినారు. జొరమొచ్చి పోనాది."

అతని కూతురు నూకాలు నాకంటే రెండేళ్ళు చిన్నది.

"నీళ్ళప్పని బోన్లో ఎట్టినారు. నాలుగు నెల్లయినాది. ఇసారన అయిపోనాక లోతుపనికి దింపుతారంట."

సముద్రం అడుగుకి లోతుపనికి దిగినవాళ్ళు ఒక కాలం కూడా బతకరు. "ఆవిణ్ణి ఎలా కనిపెట్టారు?" అని అడిగాను. అడిగాను, చూడండి!

మావ నా మొహంలోకి చూశాడు. "పేరు నువ్వే రాసినావు గదే."

2194వ పోటు

తెప్పల మీద ఒక కట్టుబాటు ఉంది. శవాలు కడిగే ముంత చేతబట్టిన రోజు నుంచి ఆ మనిషి పేరు ఎవరూ పలకరు. మొగుడు కూడా పలకడు. ఒక్కో తెప్పకీ నలుగురైదుగురు ఉంటారు, అందరూ నీళ్ళప్పలే. చచ్చినవాళ్ళు పేరు విని పిలుస్తారని ముసలాళ్ళు చెప్పేవారు. అదంతా పిల్లల్ని భయపెట్టడానికి. అసలు సంగతి అందరికీ తెలుసు: ఎవరు కడిగారని మేస్త్రీ అడిగితే నీళ్ళప్ప అంటాం. ఏ నీళ్ళప్ప అంటే నీళ్ళప్పే అంటాం. చావగొట్టినా అంతకు మించి ఒక్క మాట రాదు.

పాలతోపాటు వంటబట్టిన కట్టుబాటది. గట్టుకొచ్చిన ఏడాదికే మరిచిపోయాను.

పుస్తకం తయారయ్యాక వేదవల్లిగారు మొదట్లో ఖాళీ పేజీ చూపించి, "ఇది అంకితం పేజీ. మీకు ఎవరి మీద ప్రేమ ఉంటే వాళ్ళ పేరు రాయండి" అన్నారు. గట్టు మీద పేరు రాయడమంటే గౌరవం. నా ప్రేమ ఎక్కడ తక్కువ పడుతుందోనని, "నన్ను కడిగి బతికించిన బర్రి పోలమ్మకి, ఏడో తెప్ప" అని రాశాను. ఇంటిపేరుతో సహా, తెప్ప నంబరుతో సహా! మేస్త్రీలకి వెతుక్కునే పని కూడా లేకుండా చేశాను.

పోయిన ఏడు ఒక ముసలాయన ఆ పేజీ మీద వేలు పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు కూడా నాకు నచ్చింది.

2197వ పోటు

అంకితం తీసెయ్యమని వేదవల్లిగారిని అడిగాను. సంగతంతా చెప్పాను. ఆవిడ నుదురు పట్టుకుని కూర్చున్నారు.

"నాలుగు ముద్రణల్లో ఉన్న పేరు ఐదోదాన్లో లేకపోతే, అబద్ధం కాబట్టే తీసేశారంటారు. తెప్పల యాజమాన్యం ఇప్పటికే మీ పుస్తకం కట్టుకథ అని ప్రచారం చేస్తోంది" అన్నారు. మళ్ళీ తనే, "తప్పు నాది కూడా. ఆ పేజీ పెట్టమన్నది నేనే" అన్నారు.

"మీకు కట్టుబాటు తెలీదు. నాకు తెలుసు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయారు, విదిలించుకున్నాను. మంచి మనిషి ఆవిడ. ఆవిడ మీద కసరడం తేలిక, అందుకే కసిరాను.

సాయంత్రం నేను మాట్లాడాల్సిన సభకి వెళ్ళలేదు. గొంతు నొప్పి అని కబురు చేశాను. అల్లం, తేనె, మిరియాలు పంపించారు ఎవరెవరో. అవన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

2204వ పోటు

యాజమాన్యం ప్లీడరు నన్ను వెతుక్కుంటూ నాలుగో అంతస్తుకి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. ఎంతో మర్యాద.

"మీ చాప అధ్యాయం కల్పన అని సభలో ఒక్క ముక్క చెప్పండి, చాలు. మిగతా పుస్తకం జోలికి మేము రాం. అది కల్పనే అయితే ఆ ముసలావిడ నేరమేమీ చెయ్యనట్టే కదా! ఆ సాయంత్రమే బోను తెరుస్తారు."

"చెప్పకపోతే?"

"మీరు నిజమే రాశారని తేలితే, ఆవిడ తెప్ప సొత్తుని దొంగతనంగా దాటించినట్టు తేలుతుంది. లోతుపని తప్పదు. నాకూ బాధే అమ్మా."

తెప్ప సొత్తు అంటే నేను. నా ఎదురుగా, నా కుర్చీలో కూర్చుని, నేను ఇచ్చిన నీళ్ళు తాగుతూ అన్నాడు. మామూలు రోజైతే ఆ గ్లాసు మొహాన కొట్టేదాన్ని. అప్పుడు మాత్రం, ఆలోచించుకుంటాను అన్నాను.

2209వ పోటు

నిజం చెబితే చట్టానికి మంచిది, పోలమ్మ చస్తుంది. అబద్ధం చెబితే పోలమ్మ బతుకుతుంది, చట్టం గంగలో కలుస్తుంది. పద్నాలుగు తెప్పల మీద ఆరువేల మంది. అటూ ఇటూ ఎంత తిప్పి చూసినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

పొద్దున ఐసు పడవ వచ్చింది. గురువులు మావ మూటలు దింపుతున్నాడు. నేను రేవులోనే ఉన్నాను. వెళ్ళి, "మావా, నీళ్ళప్పని అడుగు. ఏం చెప్పమంటుందో అడిగి రా" అంటే సరిపోయేది. పడవ తిరిగి ఆరు పోట్ల లోపే వస్తుంది. విచారణ మూడు పోట్లు ఆలస్యమైతే అయ్యేది, సభని వాయిదా అడగొచ్చు, వేదవల్లిగారు అడిగేవారే.

వెళ్ళలేదు. మావ ఇటు తిరగబోతుంటే ఉప్పు బస్తాల వెనక్కి తప్పుకున్నాను. నూకాలు తండ్రి మొహం చూడలేక అని సర్దిచెప్పుకున్నాను. పడవ వెళ్ళిపోయిందాకా అక్కడే నక్కి ఉన్నాను, మెడలో చట్టం కోసం పోరాడే ఉద్యమం వాళ్ళ కండువాతో.

తరవాత గదికొచ్చి నేనే నిర్ణయించాను. ఎవరికీ చెప్పలేదు.

2212వ పోటు

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ కిక్కిరిసింది. వేదవల్లిగారు నా పక్కన కూర్చుని ఒళ్ళో పుస్తకం పెట్టుకున్నారు, కాగితాలు గుర్తులు పెట్టి మరీ. సభాధ్యక్షురాలు తెల్లజుట్టు మనిషి, సన్నటి గొంతు. నన్ను లేపి, పుస్తకంలో రాసిందంతా నిజమేనా అని అడిగింది.

"చాప అధ్యాయం నిజం కాదు. నేను కల్పించాను" అన్నాను.

వెనకెక్కడో ఒకావిడ "అయ్యో" అంది. తరవాత గోల. ఎవరో పుస్తకం విసిరారు, నా భుజానికి తగిలింది. వేదవల్లిగారు నావైపు చూడలేదు. ఒళ్ళో పుస్తకంలోంచి గుర్తు కాగితాలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకున్నారు.

ప్లీడరు అక్కడితో ఆగితే గెలిచేవాడు. ఆగలేదు. మూత గట్టిగా బిగిద్దామనుకున్నాడు. ఏడో తెప్ప నుంచి సాక్షిని చూపిస్తానన్నాడు. గోడ మీద తెర వెలిగింది, అటువాళ్ళకి మేమూ కనిపించేలా. పోలమ్మ!

ముప్పై ఆరు నెలల తరవాత చూడటం. ఇనప చువ్వల ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. జుట్టు కత్తిరించేశారు. చేతులు మాత్రం అవే, పెద్ద పెద్ద చేతులు.

"ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి నీకు తెలుసా?" అన్నాడు ప్లీడరు. తెలీదంటే చాలు. ఆ సంగతి ఆమెకి ముందే చెప్పి ఉంచారని యాజమాన్యం వాళ్ళ మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

పోలమ్మ నావైపు చాలాసేపు చూసింది. "సిక్కిపోనావే" అంది.

సభలో ఎవరో నవ్వారు. ప్లీడరు, "అడిగినదానికి జవాబు చెప్పు" అన్నాడు.

"తెలుసు బాబూ. ఈ సేతుల్తోనే కడిగినాను. కాలు అయిసులో ఎట్టినాను. ఏడిత్తే నోరు మూసినాను."

"అదంతా అబద్ధమని ఆవిడే ఇప్పుడు ఒప్పుకుంది!"

"అబద్దమా?" పోలమ్మ వెనక్కి తిరిగి చువ్వల్ని చూపించింది. "అబద్దమైతే నన్ను నాలుగు నెల్లై ఇందులో ఎందుకెట్టినారు బాబూ? అబద్దానికి బోనేటి?"

అధ్యక్షురాలు ప్లీడరు వైపు తిరిగి, జవాబు చెప్పండి అంది. ఆయన కాగితాలు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. నాలుగు ముద్రణల రచయిత్రిని! కట్టుకథ అంటున్నవాళ్ళే ఆ కథ నమ్మి మనిషిని బోన్లో పెట్టారు. ఎనిమిది పోట్లు బుర్ర బద్దలుకొట్టుకున్నా అది కనపడలేదు. ఎంతసేపూ నా మాట, నా పుస్తకం, నా పాపం. ఆమెకీ ఒక బుర్ర ఉందని గుర్తే రాలేదు.

అధ్యక్షురాలు మెల్లగా అడిగింది. "ఈవిడ నిన్ను కాపాడాలనే అలా చెప్పినట్టుందమ్మా. అది తెలిసీ నువ్వెందుకు ఒప్పుకుంటున్నావు?"

"నన్ను కాపాడ్డానికి కాదమ్మా. దానికి నిద్దర పట్టడానికి." కోపంగా కూడా అనలేదు. "నన్ను కాపాడాలంటే నన్నడగాల గదా! పుస్తకంలో పేరెట్టినప్పుడు అడగనేదు. ఇప్పుడు అబద్దమని సెరిపీసినప్పుడూ అడగనేదు. మా మేస్త్రీలూ అంతే, ఏదీ అడగరు."

నిలబడే ఉన్నాను. కూర్చోవాలని కూడా తెలియలేదు.

"ఇంకో మాట రాసుకోండమ్మా" అంది పోలమ్మ. "ఇదొక్కత్తే కాదు. పదమూడు మందిని బతికుండగా కడిగి పంపినాను. ఆల పేర్లు సెప్పను. నాది బర్రి పోలమ్మ."

ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. తెర ఆరిపోయింది.

2213వ పోటు

మెట్లు కడిగాను. బురద లేకపోయినా కడిగాను.

వేదవల్లిగారు వచ్చి రెండో మెట్టు మీద నిలబడ్డారు. "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగారు. మీరు వద్దంటారని, అన్నాను. "అంటే నన్ను కూడా అడగలేదు" అన్నారు. అవును, అన్నాను. ఆవిడ చీపురు అందుకుని పక్క మెట్టు ఊడ్చారు.

2230వ పోటు

పోలమ్మ సంగతి ఏమీ తెలీదు. సభ నుంచి ఇద్దర్ని తెప్పకి పంపారట, యాజమాన్యం రానివ్వలేదట. ఐసు పడవ రావడం మానేసింది. రోజూ రేవుకి వెళ్తున్నాను. ఉప్పు బస్తాల వైపు పోకుండా చుట్టూ తిరిగి వస్తున్నాను.

పత్రికల్లో మాత్రం నేను దేవతనైపోయాను. "ప్రాణదాత కోసం పరువునే వదులుకున్న త్యాగమూర్తి" అని ఒకటి. నీళ్ళ యంత్రం దగ్గర మళ్ళీ ముందుకి తోస్తున్నారు. అది త్యాగం కాదని, పిరికితనమని చెప్పబోతే, "ఎంత వినయమండీ మీది!" అంటున్నారు. తిట్టండర్రా అంటే దండ వేస్తారు! వరస చివరికి వెళ్ళి నిలబడుతున్నాను. అదొక్కటే నా చేతిలో ఉంది.

2250వ పోటు

చట్టం గెలిచింది. ముప్పై ఒకటికి ఇరవై నాలుగు. వీధుల్లో పడవలన్నీ హారన్లు మోగించాయి. సభలో మాట్లాడిన ప్రతి సభ్యుడూ బోను మాటే ఎత్తాడట. పుస్తకం మాట ఇద్దరే ఎత్తారు. రేపట్నుంచి తెప్పల మీద కడేలు కోస్తారు. పోలమ్మ బతికే ఉందని కబురు వచ్చింది.

తలుపు వేసుకుని ఏడ్చాను. ఈసారి ఆ ఏడుపు నాకు నచ్చలేదు.

2255వ పోటు

ఏడో తెప్ప మొదటి పడవ వచ్చింది. గురువులు మావ భుజం పట్టుకుని పోలమ్మ దిగింది. బోన్లో ముడుచుకుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి. ఇద్దరి మడమల దగ్గరా కడెం ఉండిన చోట తెల్లటి చారలు. నేను వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాను.

"లెగు, అందరూ సూత్తన్నారు. తిండేటుంది?"

గదికి తీసుకొచ్చి అన్నం, ఎండుచేపల పులుసు పెట్టాను. మావ తినలేదు. నూకాల్ని పాతిపెట్టిన దిబ్బ ఎక్కడో చూపించమని వేదవల్లిగారితో వెళ్ళిపోయాడు. వెళ్తూ నాతో మాట్లాడలేదు.

పోలమ్మ తింటున్నంతసేపూ చెప్పాను. అంకితం పేజీ, ప్లీడరు, ఉప్పు బస్తాలు, అన్నీ. ఆమె ఊ కొట్టింది. చెయ్యి కడుక్కుని, "నలబై ఇద్దరు కడక్కుండా పోనారే. ఒక్కో ముకమూ నాకు గుర్తే" అంది.

"నా మీద కోపంగా ఉందా నీళ్ళప్పా?"

"ఉండదేటి? ఉంది."

నన్ను ఊరడించలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. చివరికి, "ఐదో ముద్రణ ఆగి ఉంది. నీ పేరు ఉంచమంటావా, తియ్యమంటావా?" అన్నాను. మూడేళ్ళ తరవాత, నాలుగు ముద్రణల తరవాత అడిగాను.

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఆలోసించి సెప్తాను" అంది.

2263వ పోటు

ఇంకా చెప్పలేదు. అచ్చాఫీసులో కాగితం చెమ్మగిల్లుతోందట. "ఒక్కసారి గుర్తు చెయ్యకూడదూ?" అంటున్నారు వేదవల్లిగారు. చెయ్యనన్నాను. పొద్దున బిందె తీసుకుని వరసలో నిలబడటానికి పోలమ్మ కూడా వచ్చింది. ఎవరో ఆడమనిషి పలకరించి పేరు అడిగింది. నేను నోరు తెరిచి మూసుకున్నాను. పోలమ్మ ఏం చెబుతుందో, అసలు చెబుతుందో లేదో అని, ఆమె వెనకాల నిలబడి ఉన్నాను.